ఫ్యాన్ వెయ్యని సేటు

తెలకపల్లిలో ఆ కిరాణం సేటు ఎవరని అడగకండి. ఏ మండల కేంద్రానికి పోయినా బస్సు ఆగేచోట ఒకాయన దొరుకుతాడు. ఊరు మారితే గల్లాపెట్టె మీది దేవుడి పటం మారుతుంది, అంతే.

సరుకు బస్తా విప్పడానికి ఆయన కత్తెర వాడడు. ముడిని గోటితో విప్పి, సుతిలి చుట్టచుట్టి మేకుకు తగిలిస్తాడు. ఖాళీ గోనెసంచిని అమ్మేముందు రెండుసార్లు దులుపుతాడు, రాలిన కందిపప్పు ఆయింటి సాయంత్రం పప్పుచారు. పెళ్ళిళ్ళకు పోడు, పెళ్ళిపత్రికలు మాత్రం దాచుకుంటాడు. లెక్కలన్నీ వాటి వెనకే.

"సేటూ, చెమటకు సచ్చిపోతున్నం, జర ఫ్యాన్ ఎయ్యరాదు?"

"ఎయ్యనీకి నాదేం పోతది? శెనగపిండి ఎగిరి నీ మొఖాన పడ్తది."

సుతిలి దాచి ఎవడూ మేడలు కట్టలేదు. ఈయన కట్టాడంటే కారణం హైదరాబాదులోని టోకు అంగడి బేగంబజారు. అక్కడ అందరూ నెల గడువు అడుగుతుంటే ఈయన అంగీ లోపలి జేబులోంచి నగదు తీస్తాడు. టోకు వ్యాపారికి వచ్చేనెల వెయ్యికన్నా ఇవాళ్టి తొమ్మిదివందల డెబ్బై ముద్దు. పైగా దుకాణం సొంతిల్లే, కిరాయి బెడద లేదు.

రాధాకిషన్ దమానీ డీమార్ట్‌ను పెంచిందీ దాదాపు ఈ పద్ధతిలోనే. 2002లో ముంబయి పోవైలో మొదటి దుకాణం. వీలైనంతవరకు స్థలాలు కొనుక్కోవడం, సరుకిచ్చినవాళ్ళకు త్వరగా డబ్బు కట్టి ధర తగ్గించుకోవడం. 2017 మార్చిలో 299 రూపాయలకిచ్చిన షేరు మార్కెట్‌కొచ్చిన రోజే 600 దాటింది. ఇదంతా సేటుకు చెబితే చాలాసేపు ఆలోచించి, "దుకాణంల ఏసీ పెట్టిండంట గదా, పాపం" అన్నాడు.

అయితే దమానీ చెయ్యని పని ఒకటి ఈయన చేస్తాడు. ఉద్దెర ఇస్తాడు. చేతిలో ఉన్నదంతా విత్తనాలకూ ఎరువులకూ పోసిన రైతుకు, పత్తి అమ్మి పైసలొచ్చేదాకా ఉప్పు నుంచి నూనె దాకా ఖాతా మీదే. చాక్‌పీసు ముక్క పారెయ్యని మనిషి వేలకు వేలు అట్లా వదిలేస్తాడు. ఊళ్ళో దాన్ని ధర్మగుణమంటారు. నాకు నమ్మకం లేదు. బాకీ ఉన్నవాడు పక్క దుకాణం నుంచి నిండు సంచితో సేటు కళ్ళముందు నడిచిపోలేడు, ధర ఎక్కువేమని గట్టిగా అడగనూలేడు. ఖాతాలో వడ్డీ గడి లేదు నిజమే. నగదు ధర వేరు, ఉద్దెర ధర వేరు. రెండోది నోటితో చెప్పడు, రాసుకుంటాడు.

ఫోన్‌తో పైసలు కొట్టడం వచ్చాక ఆయనకు తగిలిన దెబ్బ ఒక్కటే: రూపాయి చిల్లరకు బదులు అంటగట్టే చాక్లెట్లు సీసాలోనే ఉండిపోయాయి.

మొన్న హైదరాబాదులో చదివొచ్చిన కొడుకు దీన్ని సూపర్‌మార్కెట్ చేద్దామన్నాడు. జనమే లోపలికొచ్చి, సరుకు వాళ్ళే తీసుకొని, గల్లా దగ్గరికి వాళ్ళే మోసుకొస్తారట.

"ఆళ్ళే మోస్తరా? కూలి అడగరా?"

అడగరని తేలాక సేటు వెంటనే ఒప్పుకున్నాడు. బుట్టలు కొనడానికి మాత్రం ససేమిరా అన్నాడు. ఎవరి బుట్ట వాళ్ళే ఇంటినుంచి తెచ్చుకోవాలట.