సలహా చికిత్స

పెద్దవాళ్ళలో ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీకి తెలుగునాట అన్నిటికన్నా సులువుగా దొరికే వైద్యం సలహా చికిత్స. దీనికి అపాయింట్‌మెంటు, ఫీజు ఉండవు. రోగి ఒప్పుకోవాలన్న నియమమూ లేదు. మేనమామ, మేనేజరు, పక్క ఫ్లాటు అంకుల్, రైల్లో ఎదుటి బెర్తు పెద్దమనిషి, ఎవరైనా చేయవచ్చు. మోతాదు ఒక్క వాక్యం: "కాస్త మనసు పెట్టి చెయ్యి."

దీనికి ఆద్యుడెవరో చెప్పాలంటే లండన్ పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్‌ను చెప్పుకోవాలి. తెలివికి లోటు లేకున్నా నిలకడ లేని పిల్లల గురించి 1902లో ఆయన ఉపన్యాసాలిచ్చాడు. దాన్ని నైతిక నియంత్రణ లోపం అన్నాడు, శారీరక కారణం ఉండవచ్చనీ అన్నాడు. సలహా చికిత్సకులు మొదటి ముక్క ఉంచుకుని రెండోది వదిలేశారు. వాళ్ళ దృష్టిలో వైద్యశాస్త్రం అక్కడితో పూర్తయింది. కానీ లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలనీ, 17 నిండినవాళ్ళకు ఆరింటికి బదులు ఐదు చాలనీ 2013లో వచ్చిన మానసిక రోగాల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 చెబుతుంది. పెద్దయ్యాక కూడా ఏడీహెచ్‌డీ ఉంటుందని ఒప్పుకోవడమే ఇది. "వయసొస్తే అదే పోతుంది" అన్న సిద్ధాంతం మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

చికిత్స పరికరాలు మూడు: డైరీ, అలారం, తెల్లవారుజామున లేవడం. డైరీ కొనడం రోగికి కష్టం కాదు, ఇంట్లో మొదటి వారం నిండి ఆగిన డైరీలు నాలుగైనా ఉంటాయి. ఫలానా చోట డైరీ ఉందని గుర్తుండటం, దాన్ని తెరవడం, తెరిచాక అందులోని పని మొదలుపెట్టడం, ఇవే అసలు తెగని పనులు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత ఈ చికిత్సకు సరిగ్గా సరిపోతుంది. కొన్ని కుటుంబాలు సామెతలో రెండో సగాన్ని అక్షరాలా పాటించి, అబ్బాయికి సంబంధాలు చూస్తాయి. అప్పుడు డైరీ చూసే బాధ్యత కోడలికి బదిలీ అవుతుంది.

ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యమని కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలు తేల్చాయి. కాబట్టి "నేను నీ వయసులో ఇలా ఉన్నానా" అంటున్న తండ్రి, ఆ మాట పూర్తయ్యేలోపు బండి తాళాల కోసం ఇల్లంతా వెతుకుతూ ఉండే అవకాశం తక్కువేమీ కాదు.

డబ్బు పెట్టగలవాళ్ళకు ఇదే చికిత్స యాప్ రూపంలో దొరుకుతుంది. మెదడుకు ఆటల శిక్షణ ఇచ్చే లుమాసిటీ, ఏడీహెచ్‌డీ వంటి వాటి వల్ల వచ్చే ఇబ్బందులు తన ఆటలతో తగ్గుతాయన్నట్టు ప్రచారం చేసుకుంది. తగిన ఆధారాలు లేవంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపడంతో 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. మేనమామపై అటువంటి కమిషన్ ఏదీ లేదు.

సలహా చికిత్సకు పోటీగా మరో చికిత్స ఉంది. స్టీవెన్ సాఫ్రెన్ బృందం, మేరీ సొలాంటో బృందం 2010లో వేర్వేరుగా దాన్ని పరీక్షించాయి. రెండు బృందాల పద్ధతులూ కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కోవలోనివే, సుమారు 12 విడతలు. విశ్రాంతి పద్ధతులు నేర్చుకున్నవాళ్ళకన్నా, ఊరట మాటలు మాత్రమే అందుకున్నవాళ్ళకన్నా ఈ థెరపీ పొందినవాళ్ళకు ఎక్కువ మేలు జరిగింది. చిత్రమేమిటంటే ఇక్కడా డైరీ ఉంది. కొనమనడం దాకా ఈ థెరపీ, సలహా చికిత్స ఒక్కటే, తేడా రెండో రోజు మొదలవుతుంది. డైరీ చూడటాన్ని పళ్ళు తోముకోవడం లాంటి పాత అలవాటుకు ముడిపెడతారు. ధ్యాస ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి కొలిచి, పనిని ఆ కొలతకు ముక్కలు చేస్తారు. మధ్యలో తోచిన ఆలోచనను కాగితం మీద పెట్టి మళ్ళీ పనిలోకి వస్తారు. వారం తప్పితే ఎందుకు తప్పిందో కూర్చుని చూస్తారు. సలహా చికిత్సలో ఈ చివరి మెట్టుకు "బద్ధకం" అని ముందే జవాబు రాసి ఉంటుంది గనక సమయం చాలా ఆదా.

మందుల విషయంలోనూ సలహా చికిత్సకుడు జాగ్రత్తపరుడు. మెథైల్‌ఫెనిడేట్ పేరు వినగానే "అలవాటైపోతుంది" అంటాడు, మూడో కాఫీ తాగుతూ. ఆ మందు మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. సలహాకు ఆ కట్టడి లేదు.

దుష్ఫలితాలున్నాయి. ఏళ్ళ తరబడి ఈ చికిత్స పొందినవాడు లోపం తన బుద్ధిలోనే ఉందని నమ్మేస్తాడు. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దల్లో ఆందోళన, కుంగుబాటు తోడవడం మామూలే. వాటికీ ఇదే చికిత్సకులు, ఇదే ఫీజుకు అందుబాటులో ఉంటారు.