తెడ్డు

టొరంటోలో రాత్రి భోజనాలై గిన్నెలు సర్దుకుని కూతురు ఫోన్ చేసేసరికి, దిల్‌సుఖ్‌నగర్‌లో తండ్రి సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నడక ముగించుకుని వచ్చి చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. సంక్రాంతి దాటినప్పటి నుంచి వాళ్ల మాటలన్నీ ఒక్క ప్రయాణం చుట్టూనే తిరుగుతున్నాయి. వీసా చేతికొస్తే ఆగస్టులో అమ్మానాన్నలిద్దరూ కెనడా రావాలి. సెప్టెంబర్ చివర్లో, ఆకులు ఎర్రబడే వారంలో, తండ్రీకూతుళ్లిద్దరే చిన్న పడవలో అడవిలోకి పోవాలి. తల్లి ఇంట్లో మనవడితో ఉంటుంది.

ఆ అడవి పేరు ఆల్గాంక్విన్. టొరంటోకు ఉత్తరాన కార్లో మూడు గంటల దూరం. ఒంటారియో ప్రభుత్వం 1893 నుంచి కాపాడుకుంటూ వస్తున్న అడవి. ఏడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైగా వైశాల్యం, లోపల రెండు వేలకు మించిన చెరువులు. ఆ చెరువుల్లో మనిషి తిరగాలంటే కనూ అనే సన్నటి పడవే దిక్కు. ఒక చెరువు దాటాక పడవను భుజాల మీద బోర్లించుకుని అడవి బాటలో నడిచి, తర్వాతి చెరువులో దించుతారు. మేపుల్ చెట్లు ఒడ్డు పొడుగునా కుంకుమ రంగు తిరిగి ఉంటాయి. సాయంత్రం లూన్ అనే పక్షి కూస్తే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వినిపిస్తుంది. దోమలు కూడా అప్పటికి పోతాయి.

కూతురికి ఇది సరదా ప్రయాణం కాదు. తండ్రి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా బతుకంతా వెళ్లదీశాడు. తెల్లవారకముందే బత్తాయి లారీలు, మామిడి సీజన్లో రాత్రీ పగలూ వేలం కేకలు, హారన్లు. మార్కెట్ బాటసింగారం తరలిపోయినప్పుడు గానీ ఆయన చేతిలోని పద్దుల పుస్తకం కింద పెట్టలేదు. ఆ మనిషిని ఒక్క పూటైనా చప్పుడే లేని చోట కూర్చోబెట్టాలని ఆమె కోరిక. పిల్లలు తల్లిదండ్రులకు డబ్బు పంపడం తేలిక. తమకు దొరికిన సంతోషంలో వాళ్లను కూర్చోబెట్టాలని తపించేవాళ్లు తక్కువ. ఈ కూతురు ఆ తక్కువమందిలో ఒకతె.

అడ్డు ఒక్కటే. తండ్రి పడవ ఎక్కడు.

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కొల్లాపూర్ దిక్కు ఊళ్లో ఒక పెళ్లయిన మర్నాడు చుట్టాలంతా సోమశిల పోయి లాంచీ ఎక్కితే ఆయన రేవులో చెప్పులు కాపలా కాశాడు. 2020 అక్టోబర్ 13 రాత్రి సంగతి ఇంకా పెద్దది. ఆ ఒక్కరోజే ఘట్‌కేసర్ దిక్కు 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలు మునిగాయి. ఆ నీళ్లలో తెల్లార్లూ నిలబడ్డవాళ్లకు ఇక్కడ వివరించి చెప్పనక్కర్లేదు. కార్లు తేలాయి. బియ్యం డబ్బాలు కొట్టుకుపోయాయి. గల్లీల్లోకి పడవలొచ్చాయి. తల్లి ఎక్కింది, కిందింటి వాళ్లు ఎక్కారు. తండ్రి మాత్రం డాబా మీదే ఉండిపోయాడు. పడవలో ఉన్న పిల్లలు ఎంత బతిమాలినా, ఎంత కోప్పడినా ఒక్కటే మాట: "నీళ్లు దిగినంక నడిచొస్త." నీళ్లు దిగేదాకా అన్నం, మంచినీళ్లు తాడుకు కట్టి పైకి పంపారు. టొరంటోలో కూతురు ఫోన్ పట్టుకుని ఏడ్చింది.

"మీ నాయినకు నీటి గండమున్నది, జాతకంల రాసిండ్రు" అని తల్లి నమ్మకం. ఆయన ఎన్నడూ కాదనలేదు. జాతకం కాయితం ఎవరూ చూడలేదు గానీ, ఆయన ట్రంకు పెట్టెలో వేరే కాయితాలు చాలా ఉన్నాయి. శ్రీశైలం ముంపు బాధితులకు ఉద్యోగాలిస్తామన్న 1986 నాటి 98 జీవో నకలు, దరఖాస్తులు, రసీదులు. 1981లో కృష్ణ వెనక్కి తన్ని అటు కర్నూలు, ఇటు పాలమూరు జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. మంచి పని చేశారు. మనుషుల ఇళ్లకు ఆపాటి ఓపిక కూడా దక్కలేదు. కూలీలను పెట్టి కూలగొట్టించి వెళ్లగొట్టిన ఊళ్లున్నాయి, రాత్రికి రాత్రి నీళ్లొచ్చిన ఊళ్లున్నాయి. ఈ తండ్రి ఆ ఏడే బస్సెక్కి హైదరాబాద్ వచ్చాడు. కూతురు పుట్టింది తర్వాత. ఆమె ఎరిగిన ఊరు గట్టు మీద కట్టుకున్న కొత్త ఊరే. పండక్కి పోయేది, పెళ్లికి పోయేది అక్కడికే.

ఫోన్లో ఆమె ఒక్కొక్క భయాన్నే తీసేస్తూ వచ్చింది. ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలని అక్కడ చట్టం. ఈల, విసిరే తాడు, నీళ్లు తోడే డొక్కు కూడా పడవలో పెట్టుకోవాలి. ఒడ్డు వెంబడే పోతాం, గాలి లేస్తే ఆగిపోతాం. చలికి లోపల ఉన్ని బనీను వేసుకుందాం. ఎలుగుబంటి వాసన పట్టకుండా తిండి సంచిని గుడారానికి దూరంగా చెట్టుకొమ్మకు ఎత్తు మీద కడతాం.

"ఆవకాయ సీసా పెడ్త" అంది తల్లి.

"సీసాలు, రేకు డబ్బాలు ఆ అడవి లోపలికి తేనీయరమ్మా. ప్లాస్టిక్ డబ్బీల పెట్టు."

తండ్రి చలి గురించి అడగలేదు. ఎలుగు గురించీ అడగలేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "తెడ్డు ఒక్క దిక్కే ఏస్తే పడవ తిరగదా?" అన్నాడు.

"వెనక కూర్చున్నవాళ్లు తిరగనీయరు నాయినా. లాగిన తర్వాత చివర్ల తెడ్డును కొంచెం బయటికి మలుపుతారు."

"ఇట్లనా?" ఆయన గరిటె తీసుకుని గాల్లో లాగి, మణికట్టు తిప్పి చూపించాడు.

అచ్చంగా అంతే. ఆమెకు అది పట్టుబడటానికి ఒక వేసవంతా పట్టింది. యూట్యూబ్ చూసి ఉంటాడనుకుని మురిసిపోయింది.

ఆ మురిపెంలోనే తండ్రికి కొంచెం అలవాటు చేయిద్దామని ఎల్‌బీనగర్‌లో ఉండే మేనమామకు పని పురమాయించింది. ఎల్‌బీనగర్ నుంచి సాగర్ బస్సెక్కితే పూటలో నాగార్జునసాగర్. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. పెద్ద లాంచీ, నలుగురితో పాటు కూర్చుంటే చాలు, నీళ్లంటే బెరుకు పోతుంది. తండ్రి సరేనన్నాడు. తల్లి కట్టిచ్చిన పులిహోర డబ్బాతో మెట్రోలో ఎల్‌బీనగర్ పోయాడు. బావమరిది బస్సు కోసం చూస్తూ, బావకు ఉత్సాహం కలగాలని కొండ గొప్పతనం ఎత్తుకున్నాడు.

"మనం చూసేది ఉత్త శిఖరమే బావా. అసలు పట్నమంత నీళ్ల కిందున్నది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి! 1954 నుంచి ఆరేండ్లు తవ్విండ్రు. దొరికిన శిల్పాలన్ని కొండెక్కిచ్చిండ్రు. మిగిలిందంత లాంచీ కిందనే ఉంటది."

బస్సు వచ్చింది. తండ్రి ఎక్కలేదు. పులిహోర డబ్బా బావమరిది చేతిలో పెట్టి, "మీ పిల్లలకియ్యి" అని మెట్రో మెట్లెక్కి ఇంటికొచ్చేశాడు.

ఆ రాత్రి కూతురు చాలాసేపు నిద్రపోలేదు. ఇంక బలవంతపెట్టకూడదనుకుంది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని భయపెట్టి తీసుకుపోయే సంతోషం ఎవరికి కావాలి? గుడారం ఒడ్డునే వేసుకుందాం, ఆకులు చూద్దాం, వచ్చేద్దాం. మర్నాడు అదే చెప్పింది.

"పడవ మాట వదిలేద్దాం నాయినా. నీకు నీళ్లంటే పడదు, నాకు తెలుసు. ఒడ్డున కూర్చుందాం."

తండ్రి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్కటి అడుగుత బిడ్డా. ఆ చెర్లకింద ఊర్లున్నయా?"

"ఊర్లా? ఎందుకుంటాయి నాయినా! పదివేల ఏండ్ల కింద మంచుగడ్డలు కరిగి నిండిన చెరువులవి."

"ఇండ్లు?"

"లేవు."

"గుడి గిట్ల ఏమన్న?"

"రాళ్లు, చేపలు. అంతే."

"అట్లయితే టికెట్ తీస్కో. ఎన్క నేను కూసుంట. నువ్వు ముందట కూసో."

వంటింట్లోంచి తల్లి బయటికొచ్చింది. "నీటి గండమున్నోనివి, నువ్వు తెడ్డేసుడేంది?"

"గండం లేదు, ఏం లేదు. పుట్టి నడుపుట్ల మా ఊర్ల నన్ను మించినోడు లేకుండె" అన్నాడాయన, ఫోన్లోని కూతురి వైపే చూస్తూ. "నీళ్లొచ్చిన నాడు, మిద్దె మీద జొన్న బస్తాలున్నయి తెమ్మని మా నాయిన నన్నే తోలిండు. పోయేసరికి ఇల్లేది, వాకిలేది, జాడ లేదు. లోతెంతున్నదో సూద్దామని తెడ్డు దించిన బిడ్డా. మన మిద్దెకే తగిలింది."