పన్నెండుగురూ శివులే

పొగడ్తకు జీఎస్టీ లేదు. అందుకే మన దేశంలో మహిళా శాస్త్రవేత్తలకు అది ధారాళంగా దొరుకుతుంది. 2023 ఆగస్టు 26న ప్రధాని బెంగళూరులో దిగి, ఇస్రో కేంద్రం ఇస్ట్రాక్‌కు వెళ్లి, చంద్రయాన్-3 దిగిన చోటుకు ‘శివశక్తి’ అని పేరు పెట్టారు. అందులో శక్తి అంటే ఆ ప్రయోగంలో చెమటోడ్చిన ఆడవాళ్లకు నమస్కారమన్నమాట. చప్పట్లు మోగాయి.

పదహారు రోజులు తిరిగాయో లేదో, సెప్టెంబరు 11న శాస్త్రవేత్తలకిచ్చే శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారాల జాబితా వచ్చింది. 12 పేర్లు, అందులో నలుగురు బెంగళూరువాళ్లే. భూతద్దం పెట్టి వెతికినా శక్తి జాడ లేదు. పన్నెండుగురూ శివులే! అంతకుముందు ఏటి జాబితాలో 11 మంది, వాళ్లూ అంతే. ఒక ఏడు ఏకాదశ రుద్రులు, మరుసటి ఏడు ద్వాదశ జ్యోతిర్లింగాలు. అంతా శాస్త్రప్రకారమే జరిగిందని ఒప్పుకోక తప్పదు.

గెలిచినవాళ్ల పనిమీద నాకే పేచీ లేదు. పేచీ అల్లా గెలిపించే పద్ధతితోనే. ఆ పురస్కారానికి అప్పట్లో ఎవరికి వారు అర్జీ పెట్టుకోవడానికి వీల్లేదు. సంస్థల పెద్దలో, పాత విజేతలో పేరు పంపాల్సి ఉండేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని ఊరికే అన్నారా? పైగా వయసు 45 దాటకూడదు. పిల్లల్ని కని, పెంచి, అత్తమామల మందుల చీటీలు చూసి, మళ్లీ ల్యాబు మెట్లెక్కేసరికి ఆమె వయసెంతో కమిటీకి తెలియదా? తెలుసు. కానీ ‘ప్రతిభకు ఆడా మగా ఉండదండీ’ అంటారు. నిజమే కాబోలు. కాకపోతే 1958 నుంచి ఆ జాబితా దాకా ఆ పురస్కారం అందుకున్నవాళ్లు ఆరువందలకు కాస్త తక్కువ, వాళ్లలో మహిళలు ఇరవైకి అటూ ఇటూ. ఆడా మగా తేడా తెలియని ప్రతిభకు దారి మాత్రం ఎప్పుడూ ఒకే గడపకు ఎలా తెలుస్తుందో!

ఈ విషయంలో సి.వి. రామన్ గారే నయం. ఉన్నమాట మొహంమీదే చెప్పారు. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయంలో మొదటి స్థానం తెచ్చుకున్న కమలా భాగవత్, తన తండ్రి, పినతండ్రి చదివిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరతానంటే డైరెక్టరు రామన్ ఆడపిల్లలకు చోటు లేదన్నారు. ఆమె కదలనని భీష్మించుకుంది. చివరికి షరతులు పెట్టి చేర్చుకున్నారు. మొదటి ఏడాది పూర్తిస్థాయి విద్యార్థిగా లెక్క కాదు. గురువు చెబితే అర్ధరాత్రి వరకైనా పనిచేయాలి. ల్యాబులో మగవాళ్ల ఏకాగ్రత చెడగొట్టకూడదు. కాంతి ఎలా చెదురుతుందో కనిపెట్టి నోబెల్ తెచ్చిన మనిషికి కుర్రాళ్ల మనసు చెదురుతుందని బెంగ! చెదిరే మనసు కుర్రాళ్లది, షరతు మాత్రం ఆమెకు. ఏడాది పాటు ఆమె పని చూశాక రామన్ మెత్తబడ్డారు, తలుపు తీశారు. కమలా సొహోనీగా మనకు తెలిసిన ఆ మనిషి 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు తెచ్చుకుంది.

రోగం ఒకరికి, మందు ఇంకొకరికి. తొంభై ఏళ్లు దాటినా మన సర్కారు వైద్యం ఇదే. మధ్యలో ఉద్యోగం మానేసిన మహిళకు ఫెలోషిప్పు. బడిపిల్లకు 2019లో విజ్ఞాన్ జ్యోతి పథకం. పరిశోధకురాలికి 2020లో పవర్ పేరుతో గ్రాంటు. తప్పేముంది, అన్నీ కావాల్సినవే. అయితే ప్రతి గోలీ ఆమె గొంతులోనే పడుతోంది. ఎంపిక కమిటీ నాలుక ఎవరూ చూడరు. సంస్థల్లో స్త్రీపురుష సమానత్వాన్ని తూచే బ్రిటన్‌లోని అథీనా స్వాన్‌ను చూసి మనవాళ్లు ‘గతి’ అని ఒకటి మొదలుపెట్టారు. అందులో సంస్థలు తమ లోపాలను తామే రాసుకోవాలి. మన సంస్థల వినయం తెలిసిందే కదా. ఇక నిర్ణయాలు తీసుకునే చోట మహిళలు కనీసం 30 శాతం ఉండాలన్న మాట 2020 డిసెంబరు చివర బయటికొచ్చిన శాస్త్ర సాంకేతిక విధానంలో ఉంది. అది ముసాయిదా. ఏళ్లు గడిచినా ముసాయిదాయే.

ఫొటోలకు మాత్రం ఏ కరువూ లేదు. 2014లో మంగళయాన్ కక్ష్యలో పడ్డ రోజు, పట్టుచీరలు కట్టి, తలలో పూలు పెట్టుకుని సంబరపడుతున్న ఆడవాళ్ల బొమ్మ లోకమంతా తిరిగింది. వాళ్లు పరిపాలన విభాగం ఉద్యోగులని, ప్రయోగంలో పనిచేసిన మహిళా శాస్త్రవేత్తలు వేరే ఉన్నారని తర్వాత ఇస్రోయే చెప్పుకోవాల్సి వచ్చింది. నందిని హరినాథ్, రీతూ కరిధాల్ కక్ష్య లెక్కలు చూసుకుంటుంటే దేశం పూలు లెక్కపెట్టింది. 1969లో పుట్టిన ఇస్రోకు ఇంతవరకు ఒక్క మహిళా ఛైర్మన్ కాలేదు. 1909లో పుట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఒక్క మహిళా డైరెక్టరూ కాలేదు. ఆ కుర్చీల్లో కూర్చున్న మగవాళ్లలో ఒక్కరినైనా ఇంటినీ ఆఫీసునీ ఎలా సంబాళించుకుంటున్నారని ఏ విలేకరైనా అడిగాడా?

ఆ ప్రశ్నను మార్చి 8కి దాచిపెడతారు. ఆ రోజు ల్యాబుల్లో గులాబీలు పంచుతారు, ఎముకల పరీక్ష ఉచితం, ‘ఇల్లు–వృత్తి’ మీద ఉపన్యాసం, సాయంత్రం రంగవల్లుల పోటీ. పాల్గొనేవారందరూ మహిళలే. న్యాయనిర్ణేత డైరెక్టరు గారు.