పరాభవ నామ సంవత్సరంలో మా పిల్లి

ఈ శ్రావణానికి నాకు 56 ఏళ్ళు నిండుతాయి. మా పిల్లికీ 56 నిండుతాయి. నాకు అన్నేళ్ళు నిండడానికి అన్నేళ్ళూ పట్టాయి, దానికి పదేళ్ళలో అయిపోయింది. అంతే తేడా.

అసలు గొడవ శ్రావణం దాటాక. అక్కణ్ణుంచి అది నాకన్నా పెద్దది. నేను ఏడాదికి ఒక మెట్టు ఎక్కితే అది నాలుగెక్కుతుంది. మొన్న ఉగాదికి గుళ్ళో పంచాంగం చదువుతూ, ఈ ఏడాది పేరు పరాభవ అని పంతులుగారు చెప్పినప్పుడు, పాపం ఎవరికి మూడిందో అనుకున్నాను. ప్రసాదం తిని హాయిగా ఇంటికొచ్చాను కూడా.

ఈ లెక్క నా సొంతం కాదు, పశువుల డాక్టరుగారిది. పిల్లికి మొదటి ఏడాది నిండితే మనిషికి పదిహేనేళ్ళు నిండినట్టట. రెండో ఏడాదికి ఇంకో తొమ్మిది కలిపి 24. అక్కణ్ణుంచి ఏడాదికి నాలుగు. మా ఆఫీసులో పక్క సీటాయన విని, "అంత తిప్పలెందుకండీ, ఏడుతో హెచ్చవేసుకుంటే సరిపోలా?" అన్నాడు. సరిపోదు. ఆ లెక్కన ఏడాది పిల్లికి ఏడేళ్ళు. మా పిల్లి ఏడాది వయసులో పక్కింటి పిట్టగోడ మీంచి దూకి, ఎలకని పట్టి, తెచ్చి వంటింటి గడప మీద పెట్టింది. ఏడేళ్ళప్పుడు నాకు నిక్కరు బొత్తాం పెట్టుకోవడం రాదు.

బాల్యాన్ని అవి అలా ఏడాదిలో చుట్టిపారేస్తాయి. పదిరోజుల ప్రాంతంలో కళ్ళు తెరుస్తాయి, ఆరేడు నెలలకల్లా పాలపళ్ళు ఊడి ముప్పై అసలు పళ్ళూ వచ్చేస్తాయి. మన పిల్లలు పదిహేనేళ్ళు తాపీగా చేసే పని అది. ఆ తర్వాత ఇంటర్ పేరుతో హాస్టల్లో పడేస్తే, వాళ్ళకీ రెండేళ్ళలో తొమ్మిదేళ్ళు మీద పడతాయనుకోండి. ఆ లెక్క బెజవాడలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

దాని పేరు దుర్ముఖి. పుట్టింది 2016 ఆగస్టులో, కృష్ణా పుష్కరాల్లో. ఆ పన్నెండు రోజులూ ఊళ్ళో ఇల్లున్న ప్రతివాడూ సత్రం నడిపినవాడే. గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో ఉన్న మా పాత మేడలో ఇరవై ముగ్గురు దిగారు. తెల్లారుజామున మూడింటికి లేచి, పద్మావతి ఘాటా, దుర్గా ఘాటా అని మధ్యగదిలో చర్చ. ఇరవై నాలుగో చుట్టం ఎవరికీ చెప్పకుండా అటక మీంచి దిగి, మా బాబాయి పెట్టెలో మడతపెట్టిన పట్టుపంచె మీద నాలుగు పిల్లల్ని పెట్టింది. స్నానం చేసొచ్చిన బాబాయి పెట్టె మూత తీసి చూసి, మళ్ళీ స్నానానికి వెళ్ళాడు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. పుష్కరాలు ముగిసేసరికి దాని తరలింపూ ముగిసింది. జనంలో లెక్క తప్పిందో, మా ఇంటి మీద గురి కుదిరిందో, ఒకదాన్ని వదిలేసి వెళ్ళింది. ఇంకు ఫిల్లరుతో పాలు పట్టి నిలబెట్టాం. అది దుర్ముఖి నామ సంవత్సరం. మా అమ్మ ఆ పేరే పెట్టేసింది. మొహం చూశాక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక నా వయసు సంగతి. నాకు రెండున్నాయి. జాతకం ప్రకారం సాధారణ నామ సంవత్సరం, అంటే 1970 శ్రావణం. రికార్డు ప్రకారం 1969 జూలై 1. మా తరంలో జూలై ఒకటిన పుట్టినవాళ్ళందర్నీ పిలిస్తే ఇందిరాగాంధీ స్టేడియం చాలదు. నన్ను బళ్ళో వేసిన రోజున మాస్టారు నా కుడిచెయ్యి తల మీంచి తిప్పి ఎడమ చెవి అందుతుందేమో చూశారు. అందలేదు. అయినా అయిదేళ్ళని రాసేశారు. అందుచేత రికార్డులో దుర్ముఖి నన్ను అందుకోవడానికి డిసెంబరు ఆఖరు దాకా పడుతుంది. అప్పటిదాకా ప్రభుత్వం దృష్టిలో నేనే పెద్ద.

ప్రభుత్వం అన్నాను కనుక చెబుతున్నాను, వయసు విషయంలో పిల్లి లెక్కే నయం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. పొద్దున్న కాఫీ తాగేటప్పుడు నడివయసులో ఉన్నవాళ్ళు పేపరు చదవడం పూర్తయ్యేసరికి ముసలివాళ్ళయిపోయారు. తర్వాత మళ్ళీ 58కే వచ్చింది. 2014లో ఆ 58ని 60 చేశారు. 2022 జనవరి నుంచి 62. ఒక్క జీవోతో రెండేళ్ళు పడుచువాళ్ళమైపోయి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూ ఒకరికొకరం శుభాకాంక్షలు చెప్పుకున్నాం. దుర్ముఖికి జీవో వర్తించదు. 2028 ఫిబ్రవరికి దానికి 62. నాకు 2031 జూన్ 30 సాయంత్రం. నాకన్నా మూడేళ్ళు ముందే రిటైరవుతుందన్నమాట. రోజుకి పదహారు గంటలు పడుకునే జీవికి రిటైరయ్యాక కొత్తగా ఏం మారుతుందని అడక్కండి. మా సెక్షన్లో రిటైరైన ఒకాయన గురించీ అప్పట్లో అదే అనుకున్నాం.

పిల్లికి ముసలితనం వచ్చినా అది ఒప్పుకోదు. నొప్పి బయటపెడితే బలహీనత తెలిసిపోతుందని దాని జాతి మొత్తానికి భయం. అందుకే కీళ్ళు పట్టేసినా కుంటదట, దూకడం మానేస్తుందట. డాక్టరుగారు చెప్పకముందే నేనిది కనిపెట్టాను. డాబా పిట్టగోడ మీదికి ఒక్క ఊపున వెళ్ళే పిల్లి, ఈమధ్య కింద నిలబడి గోడని ఎగాదిగా చూస్తుంది. తర్వాత అటు తిరిగి, అసలా ఉద్దేశమే లేనట్టు పాదం నాక్కుంటుంది. బీసెంట్ రోడ్డులో చొక్కా ధర విని, వెంటనే ఎదుటి కొట్టు బోర్డు శ్రద్ధగా చదివే మనిషిని నేను. ఆ నటన నాకు తెలీదా?

మేడమెట్ల మలుపులో ఇద్దరం ఆగుతాం. నేను సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు, అది గోడ మీద బల్లిని చూస్తున్నట్టు. బల్లి ఉండదు. ఫోనూ మోగదు.

అసలీ పట్టిక చల్లటి దేశాల వాళ్ళు వేసుకున్నదేమోనని నా అనుమానం. పిల్లికి చెమట పట్టేది పాదాల అడుగునే. మిగతా ఒంటిని నాక్కుని చల్లబరుచుకోవాల్సిందే. మే నెల మధ్యాహ్నం గవర్నర్‌పేటలో నాలుక ఎంతసేపని పనిచేస్తుంది? ఇక్కడ ఒక వేసవి గడిపితే పిల్లికైనా మనిషికైనా అదనంగా ఇంక్రిమెంటు ఇవ్వాలి.

దుర్ముఖికి 48 ఏళ్ళప్పుడు, అంటే 2024 సెప్టెంబరులో, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మా చెల్లెలి కుటుంబం వచ్చి మా ఇంట్లో పది రోజులుంది. దుర్ముఖి వాళ్ళని ఏమీ అనలేదు. బీరువా మీదెక్కి, తన ఇంట్లో తను పరాయిదైపోయినట్టు అందర్నీ చూస్తూ కూర్చుంది. సరిగ్గా 48 ఏళ్ళప్పుడు, 2018లో, కూతురి పెళ్ళి ఇంట్లో నేనూ అలాగే కూర్చున్నాను. బీరువా మీద కాదు లెండి.

ఆరోగ్యం దగ్గరికొస్తే మేమిద్దరం మరీ దగ్గరయ్యాం. నేను తీపి తినకూడదు. దానికి తీపి తెలీదు. పిల్లి నాలుకకి తీపి రుచి పట్టే ఏర్పాటే లేదట. బందరు లడ్డూ మా ఇద్దరి ముందూ పెడితే, ఒకరు వాసన చూసి వెళ్ళిపోతారు, ఇంకొకరు వాసన చూసి వెళ్ళలేక నిలబడతారు. పాలు కూడా అంతే. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు అరగవట. కళ్ళు మూసుకుని తాగితే ఎవరూ చూడరనుకుంటుందని ఇన్నేళ్ళూ దాన్ని ఆడిపోసుకున్నాం. అరగదని తెలిసీ తాగేటప్పుడు ఎవరైనా కళ్ళు మూసుకునే తాగుతారు. మా ఆవిడ నిద్రపోయాక ఫ్రిజ్ దగ్గర నేను చేసేదీ అదే.

వయసు మీదపడ్డ పిల్లులకి ముందు దెబ్బతినేది మూత్రపిండాలట. నీళ్ళు ఎక్కువ తాగుతోందంటే జాగ్రత్తపడమని చెప్పి, డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. అదే వారం నేనూ సూర్యారావుపేటలో పరీక్ష చేయించుకున్నాను. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టడం నా తప్పు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ కళ్ళనీళ్ళ పర్యంతమై ఉంది.

"క్రియాటినిన్ 1.6 అని ఇంత పెద్దగా రాసుంటే నాతో ఒక్క మాటైనా చెప్పలేదేవండీ?"

మనిషికైతే అది ఎక్కువే. పిల్లికి అంత కంగారు పడాల్సిన అంకె కాదు. కానీ ఈ సంగతి తేలడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నాకు ఉప్పులేని పప్పు, ఆవకాయ జాడీ అటక మీదికి, ఫోన్లో మా అత్తగారి ఓదార్పు. నాలుగో రోజున మా ఆవిడ కాగితం మళ్ళీ తీసి, పేషెంటు వయసు తొమ్మిది అని ఉన్నచోట వేలుపెట్టి ఆగింది. నాకేసి చూసింది. ఉప్పు తిరిగొచ్చింది గానీ, ఆవకాయ ఇంకా అటక మీదే ఉంది. ఎలాగూ ఎక్కింది కదా, ఉండనివ్వండి అంది.

ఆస్టిన్‌లో ఉంటున్న మా అమ్మాయికి ఇదంతా ఫోన్లో చెబితే పడీపడీ నవ్వింది. "నాన్నా, మా ఊళ్ళో ఒక పిల్లి 38 ఏళ్ళు బతికింది తెలుసా?" అంది. నిజమే. క్రీమ్ పఫ్ అని దాని పేరు. 1967 ఆగస్టులో పుట్టి 2005 ఆగస్టులో పోయింది. గిన్నిస్ పుస్తకంలో అన్ని పిల్లుల్లోకీ అదే పెద్దది. పట్టిక ప్రకారం లెక్కవేస్తే 168 ఏళ్ళు. నాకన్నా మూడేళ్ళు ముందు పుట్టిన పిల్లి నేను మీసం మొలిపించుకుని, ఉద్యోగంలో చేరి, పిల్లల్ని కనేదాకా బతికి ఉండడం నాకెందుకో అమర్యాదగా తోచింది. దాని యజమాని రోజూ బేకన్, గుడ్లతో పాటు మీగడ వేసిన కాఫీ కూడా పెట్టేవాడట. ఈ ముక్క వినగానే మా ఆవిడ డికాక్షన్ గిన్నె మీద మూత పెట్టింది.

ఇక మర్యాదల సమస్య. పదేళ్ళుగా రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి, నేను గడప దాటే వేళకి సరిగ్గా, దుర్ముఖి ఎదురొస్తోంది. మా అమ్మ రోజూ నన్ను వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగించి పంపుతోంది. ఆఫీసు రిజిస్టర్లో పదేళ్ళుగా నా పేరు పక్కన ఎర్రసిరా పడడానికి కారణం ఇదే. చెబితే ఎవరూ నమ్మరు. భాద్రపదం నుంచి మాత్రం అది నాకన్నా పెద్దది. ఎదురొస్తే పెద్దలు ఎదురొచ్చినట్టే. పడక్కుర్చీలోంచి "లే, జరుగు" అని తోయడానికీ వీల్లేదు. "కాస్త అటు సర్దుకుంటారా?" అని ఇప్పట్నుంచే సాధన చేస్తున్నాను. సర్దుకోదు.

వచ్చే ఏడాది ఆగస్టుకి దానికి పదకొండు నిండుతాయి. అంటే సరిగ్గా అరవై. షష్టిపూర్తి చెయ్యాలంటే మళ్ళీ తాళి కట్టించాలి కదా, పెళ్ళికొడుకుని ఎక్కణ్ణుంచి తేవడం? వెనక సందులో ఒక గండుపిల్లి ఉంది గానీ, దాని నడవడి మీద మా వాటాలో ఎవరికీ సదభిప్రాయం లేదు. మా అమ్మకి ఇప్పుడు 80. సహస్ర చంద్ర దర్శనం చేయించుకోవాల్సిన మనిషి. ఈ లెక్కలన్నీ విని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నోటితోనే ఏదో కట్టుకుంది.

"నన్ను దాటడానికి దానికింకా ఎనిమిదేళ్ళు పడుతుందిలేరా" అంది. కాగితం మీద వేసి చూశాను. అప్పటికి ఇద్దరికీ 88. తప్పు లేదు.

పోయినవారం దుర్ముఖిని మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పాత చీటీ నలిగి చిరిగిపోయింది. కొత్త కార్డు రాసే కుర్రాడు పేరు అడిగాడు, చెప్పాను. పుట్టినతేదీ అడిగాడు. బుట్టలోంచి అది నాకేసి చూస్తోంది, అదే మొహంతో. 

"జూలై ఒకటి" అన్నాను, తడుముకోకుండా. "2017."

డాక్టరుగారు దాని దవడ విప్పి పళ్ళు చూశారు. కార్డు చూశారు. మళ్ళీ పళ్ళు చూశారు. కళ్ళజోడు పైకి జరుపుకుని నాకేసి తిరిగారు.

"ఇది రికార్డు వయసాండీ, అసలుదా?"