ఊదని వేణువు

నన్నెవరూ ఊదరు. పెదవి తగలని వేణువును నేను. ఒక కొస పట్టుకుని గాలిలో విసురుగా తిప్పితే చాలు, ఆ గాలి నా రంధ్రం అంచును ఒరుసుకుని, గొట్టంలోకి చేరి నాదమవుతుంది. వడిగా తిప్పిన కొద్దీ గొంతు పెరుగుతుంది. బస్తర్‌లో నన్ను సులుర్ అంటారు.

పుట్టిల్లు నారాయణపూర్ జిల్లాలోని గఢ్ బెంగాల్. ముదురు వెదురును కోసి, ఆరబెట్టి, తొలిచారు. అదంతా ఇప్పుడు లీలగానే గుర్తుంది. కాల్చిన ఇనుప మొన మాత్రం మరువలేను. ఒంటిమీద త్రికోణాలు గీస్తుంటే చర్మం చిటచిటమంది, కమురు వాసన లేచింది. ఆ వాతలే నాకు నగలయ్యాయి. మా ఊరి ముడియా గోండు కళాకారుడు పండీరామ్ మండావీకి 2025లో పద్మశ్రీ వచ్చింది. కొయ్యను చెక్కే చేతులే మా వేణువులనూ చేస్తాయి. ఆ గౌరవంలో నాకూ వాటా ఉందనే అనుకుంటాను.

గోండుల దేవుడు లింగో పద్దెనిమిది వాద్యాలను ఒక్కడే వాయించాడని మావాళ్ల నమ్మకం. యువతీయువకులు కలుసుకునే ఘోటుల్‌ను నెలకొల్పిందీ ఆయనేనట. అక్కడ కుర్రకారు మాందరి డోలు వాయిస్తుంటే ఆడేవాళ్లూ వినేవాళ్లూ ఆ ఊరివాళ్లే.

నన్ను నారాయణపూర్ మావలీ మేళాలో జగదల్‌పూర్ కుర్రాడొకడు కొన్నాడు. తెలుగింటి పిల్లాడు. స్నేహితులతో కలిసి బ్యాండ్ పెట్టాడు. గిటార్, కీబోర్డు, అరువు తెచ్చిన మాందరి. "మన పాటలో బస్తర్ గాలి వినిపించాలిరా" అన్నాడు. పొంగిపోయాను.

రికార్డింగ్ రోజున చిన్న గదిలో, మైకుకు మరీ దగ్గరగా తిప్పారు. నేను ప్రాణం పెట్టి పలికాను. రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని విన్నారు.

"మామా, వెనకాల ఏదో గాలి హోరు వస్తోంది, తీసెయ్యనా?"

"తీసెయ్ రా, పాట క్లీన్‌గా ఉంటుంది."

ఆ హోరు నేనే! ఫిల్టర్ ఒక్కటి వేయగానే పాటలో నేను లేకుండా పోయాను. పక్కనే గోడకు ఆనుకుని, నేను లేని పాటను మొదటి నుంచి చివరి దాకా విన్నాను.

తర్వాత దారం కట్టి మేకుకు తగిలించారు. ఉద్యోగాలకని స్నేహితులు తలో ఊరికీ వెళ్లిపోయారు. వచ్చిన చుట్టాలు "బాగుందే, ఎంతకి కొన్నారు?" అని అడుగుతారు. తీసి తిప్పినవాళ్లు లేరు. నోట్లో సాలీడు గూడు కట్టింది. పురుగు చేరింది. కింద నేలమీద రోజూ పచ్చటి పిండి రాలుతుంది, పొద్దున్నే చీపురు దాన్ని ఊడ్చుకుపోతుంది. ఆ పిండి నా ఒళ్లే.

అందరూ ఇలా మూల పడేయరు. నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ నయా థియేటర్‌లో పనిచేసిన అనూప్ రంజన్ పాండే బస్తర్ వాద్యాలను వెతికి వెతికి పోగుచేశాడు. వాటిని వాయించగల ఆదివాసీలనే తెచ్చి 'బస్తర్ బ్యాండ్' కట్టాడు. 2019లో పద్మశ్రీ అందుకున్నాడు. వాద్యంతో పాటు దాన్ని ఎరిగిన చేతినీ పిలవడం, అదీ బ్యాండ్ కట్టడమంటే.

పాటలు కట్టే పిల్లలూ, నన్ను ఆరుబయటకు తీసుకెళ్లండి. మైకుకు గాలి తొడుగు వేసి, నా విసురు తగలనంత దూరంలో పెట్టండి. ఫిల్టర్ వేసే ముందు ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి. మీ గోడమీద నాలాంటిది వేలాడుతుంటే ఇవాళే దించి, దుమ్ము దులిపి, నాలుగుసార్లు తిప్పండి.