మీనసాక్ష్యము

న్యాయస్థానమున సాక్షిని మూడు కేకలు వేసి పిలుతురు. బోనెక్కించి ప్రమాణము చేయింతురు. అటుపిమ్మట ఎదిరిపక్షపు ప్లీడరు వానిని అడ్డప్రశ్నలతో నంజుకొని తినును. ఈ బాధలేవియు లేని సాక్షి యొకడు కలడు. నోరు తెరచునే గాని మాటాడడు. కన్ను మూయడు గనుక నిద్రపోయెనని ఆక్షేపించుటకు వీలులేదు. బత్తా కోరడు, దినమునకు గుప్పెడు మేతతో తృప్తి చెందును. ఆ సాక్షి చేప. మురికినీటిని శుద్ధిచేసి వదలుచున్నామని చెప్పుకొను కర్మాగారములు ఆ శుద్ధికి ఋజువుగా, ఈ.టీ.పీ. యను శుద్ధికేంద్రము చివర, బంతిమొక్కల కుండీల నడుమ, లోపల నీలిరంగు పూసిన సిమెంటు తొట్టి యొకటి కట్టి, అందులో ఈ సాక్షిని దింపుట ఇప్పటి ఆచారము. చేప బ్రతికియున్నది, కాబట్టి నీరు మంచిది. నీరు మంచిది, కాబట్టి కర్మాగారము మంచిది. కర్మాగారము మంచిది, కాబట్టి మొరపెట్టుకొను దిగువ గ్రామమువారు చెడ్డవారు. తర్కశాస్త్రమున అనుమానమునకు అవయవములైదని చదివితిని గాని, మూడే మెట్లలో మోక్షము చేరిన అనుమానమును మరియొకదాని నెరుగను.

నిరుడు జూన్ 5వ తేదీన అట్టి తొట్టి నొకదానిని చూచు భాగ్యము నాకు కలిగినది. ప్రపంచ పర్యావరణ దినమగు ఆనాడు భిలాయి చుట్టుపట్ల పనిలేని గునపముండదు. అంతకుముందటి యేటి మొక్క చచ్చిన గోతిలోనే ఆ యేటి మొక్కను నాటుదురు గనుక శ్రమయు తక్కువ. పేరు చెప్పనక్కరలేని ఒకానొక కర్మాగారమువారు కాలనీ పెద్దలను పిలిచి, తలకొక టోపీయు, చేతికొక సమోసాయు ఇచ్చి, తొట్టియొద్దకు తోడ్కొనిపోయిరి. చుట్టపుచూపుగా వచ్చిన మా బావగారు నాతో నుండిరి. ఆయన కైకలూరు దగ్గర ముప్పది యేండ్లుగా చేపల చెరువులు చేయుచున్న మనిషి. మేము చేరువకు పోవునప్పటికే తొట్టిలోని చేపలన్నియు నీటిమీదికి వచ్చి, గుండ్రని నోళ్లు తెరచుచు మూయుచు మా వంకకే చూచుచున్నట్లుండెను. పిల్లలు చప్పట్లు చరచి మరమరాలు చల్లిరి. ఒక పెద్దమనిషి, మత్స్యావతారము మనసున మెదలెనో యేమో, చేతులు జోడించెను. అధికారి చిరునవ్వుతో "యే మఛ్లియాఁ హీ హమారా సర్టిఫికేట్ హైఁ" అనెను. ఈ చేపలే మా యోగ్యతాపత్రమని తాత్పర్యము.

మా బావగారు మాత్రము మరమరాలను ఒక్క చేపయు ముట్టకపోవుట గమనించి, నా చెవికడకు వంగిరి.

"బావగారూ, ఇవి మనల్ని పలకరించటానికి రాలేదండీ. అడుగున గాలి చాలక పైకొచ్చి మింగుతున్నాయి. మా చెరువులో తెల్లారగట్ల ఇట్టా కనబడితే లుంగీ ఎగ్గట్టుకుని ఏరియేటర్ దగ్గరికి పరిగెత్తుతాను నేను."

సాక్షి చెప్పిన దొకటి, గుమాస్తా వ్రాసికొన్నది వేరొకటి.

ఈ తొట్టి శాస్త్రము ఊరక పుట్టినది కాదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములలోని ఆరవ షెడ్యూలున, కర్మాగారము వదలు నీటిని వేరు నీరు కలుపకయే పాత్రలో పోసి, అందు చేపలనుంచినచో, 96 గంటల పిమ్మట నూటికి 90 బ్రతికియుండవలెనని వ్రాసియున్నది. నిబంధన వ్రాసినవారి ఉద్దేశము మంచిదే. చేప చావునైనను లెక్కకు తెచ్చిరిగదా యని నేను వారికి నమస్కరింతును. కాని సోమవారము ఉదయము నీట దిగిన చేప శుక్రవారము ఉదయమునకు మొప్ప కదల్చిన చాలును. శనివారమునాటి సంగతి చట్టమున లేదు. పదింట నొకటి చచ్చినను దోషము లేదు. ఆ పదవది అల్పాయుష్కురాలని తీర్మానము. బ్రతికినది తిండి తినుచున్నదా, ఎదుగుచున్నదా, గ్రుడ్లు పెట్టునా, పెట్టిన గ్రుడ్లు పిల్లలగునా యను ప్రశ్నలను ఆ నాలుగు దినములలో అడుగుటకు తీరిక లేదు. మనుష్యులలో ఎవనినైనను నాలుగు దినములు ఒక గదిలో బెట్టి, ఐదవనాడు తలుపు తీసి, ఊపిరియున్నదని చూచి, "ఈ గది కాపురమునకు యోగ్యము" అని చీటీ వ్రాసి యిచ్చినచో, ఆ చీటీ చూపి ఇల్లు అద్దెకిచ్చువాడు కూడ సిగ్గుపడును.

సాక్షుల ఎంపిక మరియొక విద్య. బొచ్చె, శీలావతి వంటి సున్నితపు జాతులను ఇట్టి తొట్టిలో దింపుటకు అనుభవజ్ఞులెవ్వరును సాహసింపరు. అవి నీటిలో కరిగిన ప్రాణవాయువునే నమ్ముకొన్నవి. అది తగ్గినచో వెల్లకిలపడి యజమాని పరువు తీయును. అందుచే మన కొర్రమీనును, మార్పును, ఇంగిలాయిని పిలిపింతురు. ఇవి మొప్పలతోపాటు గాలిని నేరుగా పీల్చుకొను అవయవమును గూడ పుట్టుకతో తెచ్చుకొన్న జాతులు. బురదలో నైనను, సంతలో అడుగున చారెడు నీరున్న సత్తుబేసినిలో నైనను తోక ఝాడించుచుండును. కొర్రమీను మురుగుకుంటలో బ్రతికినదని ఆ కుంట నీటిని పొగడుట, ముక్కు మూసికొని నడచినవాడు కంపు లేదని చెప్పగా నమ్ముట వంటిది. బోనెక్కు సాక్షి కక్షిదారునికి బంధువగునో కాదో విచారించు న్యాయశాస్త్రము, చేప విషయమున ఈ విచారణ నేల మానెనో తెలియదు.

మా భిలాయి వంటి ఉక్కు ఊరిలో కాపురమున్నవానికి కోక్ బట్టీ మాట క్రొత్త కాదు. బొగ్గును గాలి తగులకుండ కాల్చునపుడు వెడలు వాయువులను చల్లార్చి కడిగిన నీటిలో అమ్మోనియా, ఫినాలు, సయనైడు, తారు కలిసియుండును. ఇది ఏ దేశపు కోక్ బట్టీకైనను సమానమే. ఆ నీటిని శుద్ధిచేయుటకు ఫినాలును సయనైడును తిని బ్రతుకు సూక్ష్మక్రిములను పోషింతురు. నా దృష్టిలో సన్మానములును శాలువలును వానికే చెల్లవలెను. వానికి జ్వరము వచ్చినచో, అనగా ఒకనాడు తారు ఎక్కువై అవి చచ్చినచో, మరల పెరిగి పనిలో కుదురుకొనుటకు దినములు, ఒక్కొకచో వారములు పట్టును. ఆ దినములలో నీరు ఎటు పోవునో కుండీలలోని బంతిపూవులకు తెలియదు.

ఇక పరిమితుల సంగతి. కోక్ బట్టీ నీటిలో లీటరునకు 0.2 మిల్లీగ్రాముల సయనైడు, 50 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని దాక చట్టము ఓర్చుకొనును. అమెరికావారు మంచినీటి జలచరములకు స్వేచ్ఛా సయనైడు లీటరునకు 22 మైక్రోగ్రాములు దాటరాదనియు, దీర్ఘకాలమైనచో 5.2 దాటరాదనియు లెక్క కట్టిరి, మన 0.2 మిల్లీగ్రాములనగా 200 మైక్రోగ్రాములు. మనది గొట్టము చివర కొలత, వారిది నదిలో కొలత, పైగా మనది మొత్తపు సయనైడు లెక్క గనుక రెంటిని పోల్చరాదని పండితులందురు. నిజమే. నడుమ నది యున్నది, అది పలుచన చేయునని వారి భరోసా. మే నెలలో దుర్గ్ దగ్గర శివనాథ్ ఒడ్డున నిలిచి చూచినవారికి ఈ భరోసా ఎంత పలుచనిదో తెలియును. అనకట్టల వెనుక ఆగిన మడుగులు తప్ప ఆ నెలలో నది యనదగిన ప్రవాహ మెక్కడిది?

అమ్మోనియా మాయ ఇంతకన్న గడుసుది. నీటిలో అది రెండు రూపముల నుండును. ఒకటి సాధువు, రెండవది హంతకి. నీటి పీహెచ్ 7 ఉన్నప్పుడు, 25 డిగ్రీల వేడిలో, హంతకి పాలు నూటికి ఒకటియైనను ఉండదు. పీహెచ్ 9 అయినచో మూడవవంతు దాటును. ఎండ ముదిరిన కొలది నీటిలోని నాచు బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనును గనుక మిట్టమధ్యాహ్నము వేళకు పీహెచ్ తనంతట పెరుగును. నమూనా సీసా పట్టుకొని వచ్చు ఉద్యోగి, ఎండకు జడిసి, ఉదయము చల్లనివేళనే వచ్చి పోవును. అదే నీరు, అదే చేప. ఉదయము నిర్దోషి, మధ్యాహ్నము హతురాలు.

సయనైడు చంపు విధము మరియు విచిత్రము. రక్తమున ప్రాణవాయువు నిండుగనే యుండును. దానిని వాడుకొను శక్తి మాత్రము కణములకు నశించును. ధాన్యము గాదెలో నుండగా పొయ్యి వెలిగింపలేక పస్తులతో చచ్చిన సంసారము వలె నగును చేప. వాడని ప్రాణవాయువు రక్తముననే నిలిచిపోవుటచే చచ్చిన చేప మొప్పలు పాలిపోక ఎర్రగా నిగనిగలాడును. ఈ ఎరుపును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

చేప బ్రతికియుండుటయే నీటికి యోగ్యతయను వాదమును జపాను దేశపు మినమాత ఊరివారు మనకన్న ముందే విని, అందుకు మూల్యము చెల్లించిరి. అచటి చిస్సో కంపెనీ సముద్రపు పాయలోనికి వదలిన పాదరసము చేపల కండలో కూడుకొనెను. పాదరసము మోయు చేప యీదును, ఎర తినును, గాలమునకు చిక్కును, కంచములోనికి వచ్చును. దానిని తిన్న పిల్లులు పిచ్చిగంతులు వేసి చచ్చెను. 1956 నాటికి మనుష్యుల చేతులు వణకి, మాట తడబడి, చూపు సన్నగిల్లుట వైద్యుల దృష్టికి వచ్చెను. 1959 అక్టోబరున కంపెనీ ఆసుపత్రి వైద్యుడు హొసొకావా కర్మాగారపు వ్యర్థజలమునే మేతలో కలిపి పెట్టి చూచిన 400వ సంఖ్య పిల్లికి అదే రోగము రాగా, ఆ పరీక్షను గుట్టుగా నుంచిరి. ఆ డిసెంబరున సైక్లేటరను శుద్ధియంత్రమును ఆర్భాటముగా ప్రారంభించి, కంపెనీ అధ్యక్షుడు శుద్ధజలమని చెప్పిన గ్లాసెడు నీటిని అందరి యెదుట త్రాగి చూపెను. ఆ యంత్రము పాదరసమును తీయుటకు ఉద్దేశింపబడినదే కాదు. పాదరసపు నీరు ఆగుటకు 1968 రావలసివచ్చెను. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్‌గారు మా భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి గనుక ఆ సంవత్సరము మాకు పండుగ. మినమాత జాలరులకు అదియే నీళ్లగ్లాసు సంవత్సరము. ఆ గ్లాసునకు మన సిమెంటు తొట్టి ముద్దుల మనుమరాలు. ఒక్కటే భేదము: ఆనాడు త్రాగినవాడు యజమాని, ఈనాడు త్రాగునది చేప.

తొట్టిలోనివి గాక నదిలోని చేపలు సాక్ష్యమిచ్చిన సందర్భములును గలవు. 2024 జూలైలో ముంగేలీ జిల్లాలో శివనాథ్ నీట చేపలు రాశులుగా చచ్చి తేలగా, బిలాస్‌పూర్ హైకోర్టు తనంతట తాను ఆ విషయమును విచారణకు తీసికొనవలసివచ్చెను. 2017 అక్టోబరులో హైదరాబాదు శివార్లలోని గండిగూడెం చెరువు నిండ తెల్లని పొట్టలే. ఇట్టి వేళలలో ఎల్లచోట్లను వినవచ్చు సమాధాన మొక్కటే: "నీటిలో ఆక్సిజన్ తగ్గి చనిపోయాయి." ఉరితీయబడినవాడు ఊపిరాడక చచ్చెను గాని త్రాటికి దోషము లేదన్నట్లు! సారాబట్టీ కషాయము వంటి కుళ్లునీరు నదిలో పడినచో దానిని కుళ్లబెట్టు క్రిములు ప్రాణవాయువును త్రాగివేయును. కనుక సమాధానము అబద్ధము కాదు. నిజములో సగమును మాత్రమే చెప్పుట పెద్ద ఉద్యోగములకు కావలసిన మొదటి అర్హత.

నదీ సాక్షులకు అనువాదకులుగా నుండవలసినవారు ఇచటి జాలరులగు కేవట్లు, ధీమర్లు. ఏ మడుగున ఏ చేప ఏ నెలలో కానరాకపోయెనో వారు చెప్పగలరు. కాని ఇచట నదికే యజమాని మారిన కథ యొకటి జరిగినది. 1998లో, ఈ ప్రాంతము ఇంకను మధ్యప్రదేశ్‌లో నుండగా, బోరయీ పారిశ్రామికవాడకు నీరందించుటకని శివనాథ్ నదిలో 23 కిలోమీటర్ల పైచిలుకు పొడవును 22 ఏండ్ల ఒడంబడికపై ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టిరి. తాతల నాటినుండి వల వేసిన రేవులలో వల వేయరాదని కేవట్లకు ఆంక్షలు వచ్చెను. శాసనసభా సంఘమే 2007లో ఆ ఒడంబడికను రద్దుచేయుడని సిఫారసు చేసెను. వల వేయువాడు లేనిచోట చచ్చిన చేపను లెక్కించువాడును లేడు. సాక్షులకన్న ముందు అనువాదకులను వీధిలోనికి పంపుట ఎంత దూరాలోచన!

ఆ జూన్ 5 తరువాతి ఆదివారము మా బావగారికి చేపల పులుసు మీదికి మనసుపోయి, సుపేలా సంతకు బోతిమి. గోనె మీద చేపలు పరచుకొని కూర్చున్న స్త్రీ "శివనాథ్ కీ హై, బాబూ, ఏక్‌దమ్ తాజీ" అని ఒకదాని చెక్కు పైకెత్తి చూపెను. మందారపూవు వలె ఎర్రని మొప్పలు! తాజాదనమునకు మన తెలుగింటి ఆడవారు నూరేండ్లుగా చూచు గురుతు అదియే గదా. మా బావగారు ఆ మొప్పలవంక చాల సేపు చూచి, చేపను మెల్లగా గోనె మీద పెట్టి, చేయి తుడుచుకొని, "ఆంధ్రా వాలీ లేదామ్మా?" అని తెలుగు హిందీ కలిపి అడిగిరి. ఆమె పెదవి విరిచి, ప్రక్క దుకాణమువానివైపు వేలు చూపెను. అతడు థర్మాకోలు పెట్టె మూత తీసి ఐసుగడ్డలు ప్రక్కకు త్రోసెను. మూతపై నీలిసిరాతో కైకలూరు అని వ్రాసియున్నది.

"మన ఊరి సరుకేనండీ" అనిరి మా బావగారు, కొంచెము సిగ్గుపడుచు. కొల్లేటి నీళ్ల సంగతి నేను అడుగలేదు, ఆయన చెప్పలేదు. కిలో తూయించుకొని ఇంటికి వచ్చితిమి.