మొండినట్టు పద్యం: టీకా, తాత్పర్యం, విశేషాలు

మూలం

తే.గీ.
ఆపి యింజను ప్లగ్గుపై టోపి తీసి
కన్నమందున మేకును గదియఁ జొనిపి
కుడికిఁ దిప్పిన నట్టూడుఁ గోర్కె దీర
నెడమకైనచో బిగియును నింకనింక

అవతారిక

కాఫీ తాగేవాడికి కాఫీతోటలో గడ్డితో పని లేదు. గూడెం కొత్తవీధి మండలంలో కాఫీ పండించేవాడికి మాత్రం తొలకరి పడిన నాటి నుంచి నవంబరులో పండు కోతకు వచ్చేదాకా ఒక కన్ను చెట్టు మీద, ఒక కన్ను గడ్డి మీద. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క, ఓక్ మానును చుట్టుకుని మిరియాల తీగ, వీటి కాళ్ల దగ్గర ఎవరూ నాటకుండానే ఏపుగా పెరిగే కలుపు. కోతకు ముందు తోట అడుగు శుభ్రం చేయకపోతే రాలిన పండు కంటికి ఆనదు. వెనక ఇదంతా కత్తీ పారా చేసే పని. ఇప్పుడు వాటి పక్కన భుజానికి తగిలించుకునే గడ్డి మిషను, ఊరివాళ్ల మాటల్లో బ్రష్ కట్టర్, వచ్చి చేరింది. దాని కొసన ఒక బ్లేడు. ఆ బ్లేడును పట్టి ఉంచేది ఒక నట్టు. బ్లేడుకు పదును పెట్టాలనుకున్న రోజున ఆ నట్టు రానంటుంది. అప్పుడు చెప్పిన పద్యమిది.

కవి పేరు చెప్పుకోలేదు. చేతికి గ్రీజున్నవాడు సంతకం చేయడు. అయినా దేశకాలాలు పద్యంలోంచే తీయవచ్చు. ‘ప్లగ్గుపై టోపి’ అన్నాడు కనుక పెట్రోలు ఇంజను కాలంవాడు, బ్యాటరీ మిషన్ల కాలంవాడు కాడు. కన్నమూ మేకూ ఉన్న మిషనును, అంటే భుజాన మోసేదాన్ని చెప్పాడే గాని కూర్చుని నడిపేదాన్ని చెప్పలేదు కనుక వాలునేలవాడు. సప్పర్ల, సీలేరు వైపు కొండవాలు మీద మనిషి నిలబడితేనే గొప్ప. అక్కడ కుర్చీ ఉన్న మిషనెక్కి గడ్డి కోస్తానంటే కోసింది గడ్డి కాదు, బతుకు మీద ఆశ. ఈ పద్యం 2022 ఏప్రిల్ 4కు ముందు పుట్టి ఉంటే విశాఖపట్నం జిల్లాది, తరవాత పుట్టి ఉంటే అల్లూరి సీతారామరాజు జిల్లాది. జిల్లా మారినా నట్టు తిరిగే వైపు మారలేదు కనుక ఈ చర్చ ఇంతటితో చాలు.

ప్రతిపదార్థం

ఇంజను ఆపి = యంత్రాన్ని నిలిపి (స్విచ్చి నొక్కగానే కాదు, బ్లేడు తిరుగుడు పూర్తిగా చాలించేదాకా ఆగి, అని భావం);
ప్లగ్గుపై టోపి తీసి = స్పార్క్ ప్లగ్గు మీద తొడిగిన రబ్బరు మూతను లాగేసి (పక్కనున్న పిల్లవాడు సరదాకి తాడు లాగినా ఇంజను అందుకోకూడదు కదా);
కన్నమందున = గేరుపెట్టె పక్కనుండే చిన్న రంధ్రంలో (బ్లేడును ఆనుకునే పళ్లెంలో కూడా ఇలాంటిదే ఒకటుంది; రెండూ ఒకదానికొకటి ఎదురయ్యేదాకా బ్లేడును చేత్తో మెల్లగా తిప్పి, అని అధ్యాహారం. చేతికి దళసరి గ్లవ్స్ గాని గోనెపట్టా గాని ఉండాలని వేరే చెప్పనక్కరలేదు);
మేకును = మిషనుతో పాటు ఇచ్చే ఇనుప పిన్నును (అది ఎప్పుడో పోయి ఉంటుంది గనుక, అంతే లావున్న స్క్రూడ్రైవరును, అని లోకవ్యవహారం);
కదియన్ చొనిపి = ఇరుసు కదలకుండా బిగువుగా దూర్చి;
కుడికిన్ తిప్పినన్ = నట్టును మనకేసి తిప్పి పెట్టుకుని, గడియారం ముల్లు నడిచే వైపుకు పానాతో తిప్పితే;
కోర్కె తీరన్ నట్టు ఊడున్ = కోరిక తీరేటట్లు నట్టు ఊడుతుంది;
ఎడమకు ఐనచో = ఎడమ వైపుకైతే;
ఇంకనింక బిగియును = తిప్పినకొద్దీ బిగుస్తుంది.

తాత్పర్యం

బ్రష్ కట్టర్ బ్లేడు నట్టుది ఎడమ మర. మామూలు నట్టు ఊడే వైపుకు తిప్పితే ఇది బిగుస్తుంది. ఇంజను ఆపి, ప్లగ్గు మూత తీసి, ఇరుసును మేకుతో కట్టేసి, కుడికి తిప్పాలి.

శంక, సమాధానం

లోకంలో సీసా మూత మొదలు లారీ బోల్టు దాకా ఎడమకు తిప్పితే వదులవుతున్నాయి. మణికట్టు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేర్చింది అదే. ఈ ఒక్క నట్టు తిరగబడటమేమిటని శంక.

సమాధానం. మోసేవాడు పైనుంచి చూస్తే బ్లేడు ఎడమచుట్టుగా, అంటే గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. గడ్డి దుబ్బు తగిలిన ప్రతిసారీ బ్లేడు వెనక్కి లాగుతుంది, ఇరుసు ముందుకు తోస్తుంది. ఈ పెనుగులాటలో నట్టు కూడా కొద్దో గొప్పో వెనక్కి తిరగాలని చూస్తుంది. మామూలు మర అయితే అది ఊడే వైపు. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు నట్టు వదులుకుని తోటలోకి ఎగిరిందంటే ఆ సంగతి చెప్పడానికి కవి మిగలడు. అందుకని తయారుచేసినవాళ్లు మరనే తిరగేశారు. ఇప్పుడు వెనక్కి లాగిన ప్రతి దుబ్బూ నట్టును బిగించే దుబ్బే అయింది. టేబుల్ ఫ్యాను రెక్కల నడుమ ఉండే మూతకూ ఇదే మర్మం. సైకిలు ఎడమ పెడలుదీ ఎడమ మరే.

కాబట్టి వానాకాలమంతా పనిచేసిన నట్టు ఊడనంటే అది మొండితనం కాదు. బిగిసి ఉండమని పెట్టారు, బిగిసి ఉంది. ‘మొండినట్టు’ అనడం కూడా నట్టుకు అన్యాయమే. ఆ పేరు కవి పెట్టలేదు, వ్యాఖ్యాతలు పెట్టారు.

పూర్వపక్షాలు

ఈ పద్యాన్ని పక్కన పెట్టి నట్టును సాధించాలని చూసిన మతాలు మూడు.

మొదటివారు బలవాదులు. వీరి మతంలో నట్టు ఊడకపోవడానికి కారణం పానా పొట్టిదవడమే. 20 సెంటీమీటర్ల పానా మీద 20 కిలోల బరువు మోపితే నట్టు మీద పడేది 4 కిలోగ్రాం-మీటర్ల మెలి. అదే పానాకు పైపు తొడిగి 60 సెంటీమీటర్లు చేస్తే 12. లెక్కలో తప్పు లేదు. తప్పంతా వైపులో ఉంది. ఎడమకు తిప్పేవాడికి పైపు మూడింతల బలం ఇస్తే నట్టుకు మూడింతల బిగువు ఇస్తుంది. పైగా ఆ బలమంతా చివరికి మోసేది కన్నంలోని సన్నటి మేకు. ముందు మేకు వంగుతుంది, తరవాత గేరుపెట్టె అంచు చిట్లుతుంది, ఈలోగా పానా జారి నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. గుండ్రమైన నట్టును పట్టే పానా ఏ సంతలోనూ అమ్మరు. దారిన పోయే మెకానిక్ ఒకడు ఈ మతాన్ని ఒక్క మాటతో ఖండించాడు: “ఏటి బాబూ, అలా లాగేస్తన్నారు? ఉల్టా మర కదా అది!”

రెండోవారు తైలవాదులు. కిరసనాయిలో, డీజిలో, డబ్బాలో దొరికే తుప్పు నూనో పోసి రాత్రంతా వదిలేయమంటారు. వీరి మతానికి ఆధారం ఉంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందున్న చోటు చాలదు. కనీసం రెండింతల చోటు అడుగుతుంది. మర సందుల్లో ఆ చోటు ఉండదు గనుక తుప్పు రెండు వైపులా నొక్కి పట్టేస్తుంది. ఏజెన్సీ వానల్లో, పొగమంచులో, గడ్డి పసరు ఎండిన బ్లేడు కింద దీనికి కొదవ లేదు. పల్చని నూనె సందుల్లోకి తనంత తాను పాకి ఆ పట్టును సడలిస్తుంది. కాని నూనెకు కుడి ఎడమలు తెలియవు. నూనె పోసి ఎడమకు తిప్పేవాడు సుఖంగా బిగిస్తాడు, అంతే తేడా.

మూడోవారు అగ్నివాదులు. ఏజెన్సీలో ఇనుము పని తెలిసినవారికి కొదవ లేదు. షెడ్యూల్డు తెగల జాబితాలోనే కమ్మర అన్న పేరుంది. నిప్పు తగిలితే ఇనుము పెరుగుతుందని కొలిమి ఎరిగినవాడికి పాఠం చెప్పనక్కరలేదు. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న నట్టు కన్నం 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు మిల్లీమీటరులో నలభయ్యో వంతు విచ్చుకుంటుంది. తుప్పు పట్టు తెగడానికి అంత చాలు. అయితే ఈ నట్టు వెనకనే గేరుపెట్టె, దాన్నిండా గ్రీజు, గ్రీజును ఆపే రబ్బరు సీలు. అదే గొట్టానికి రెండో కొసన పెట్రోలు ట్యాంకు. నిప్పు తెలిసిన కమ్మరి ముందు ట్యాంకు ఊడదీయమంటాడు. తెలియనివాడు అగ్గిపెట్టె తీస్తాడు.

సిద్ధాంతం

మూడు మతాలూ పూర్తిగా తోసేయవలసినవి కావు, వరస తప్పినవి. ముందు వైపు తెలుసుకోవాలి. తరవాత తీగబ్రష్షుతో మట్టీ పసరూ గీకి నూనె వేయాలి, నానడానికి గడువివ్వాలి. మూలలు సరిగ్గా పట్టే బాక్సు పానా వేసి, పిడి మీద సుత్తితో పొట్టి దెబ్బలు కుడివైపుకు కొట్టాలి. ఒకేసారి లాగే లాగుడు కంటే చిన్న దెబ్బ తుప్పును బాగా విడగొడుతుంది, మేకునూ బతకనిస్తుంది. దీనికీ రాకపోతే మిషను విప్పి షెడ్డుకు మోయాలి. అగ్ని అక్కడే. ఆఖరి శరణ్యం ఉలి. నట్టును చీల్చి కొత్తది వేసుకోవచ్చు గాని ఇరుసు మరలు పాడైతే ఖర్చు గేరుపెట్టె దాకా పోతుంది.

తిరిగి బిగించేటప్పుడు మరలు తుడిచి ఒక చుక్క నూనె వేసినవాడికి మరుసటి ఏడు ఈ వ్యాఖ్యానంతో పని పడదు. లోపల నైలాన్ వలయమున్న నట్టయితే, వేలితోనే తిరిగేంత వదులైన నాడు దాన్ని మార్చాలి.

పాఠాంతరం

డాలస్, న్యూజెర్సీ ప్రాంతాల తెలుగువారి దగ్గర ఈ పద్యానికి వేరొక సంప్రదాయం ఉంది. అక్కడ నేల చదును, గడ్డి ఎవరో కోరి పెంచినది, మిషనుకు కుర్చీ ఉంటుంది. 42 అంగుళాల వెడల్పు కోసే మిషను కింద సాధారణంగా రెండు బ్లేడ్లు, బ్లేడుకొక బోల్టు. అది చాలా మోడళ్లలో కుడి మర, అంటే ఎడమకు తిప్పితేనే ఊడుతుంది. మేకు బదులు బ్లేడుకూ పైనున్న రేకుకూ మధ్య కట్టెముక్క అడ్డం పెడతారు. కట్టె గట్టిది గనుక అక్కడ పొడుగు పైపుకు దోషం లేదు. అలాగని మూలంలో కుడి ఎడమలు తారుమారు చేసి చదవకూడదు. ‘ఎడమఁ దిప్పిన నట్టూడుఁ గోర్కె దీర’ అంటే యతి చెడుతుంది. అమెరికా బోల్టును వచనంలోనే తీసుకోవాలి, అదీ మిషను పుస్తకం చూసి. అన్ని మోడళ్లదీ ఒకే మర కాదు.

ఈ యంత్రాల మూలపురుషుడు ఎడ్విన్ బడ్డింగ్. ఇంగ్లండులో స్ట్రౌడ్ దగ్గర బట్టల మిల్లులో ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, ఇదే నేల మీద నడిపితే గడ్డి తెగదా అనుకుని 1830లో పేటెంటు తీసుకున్నాడు. వెడల్పు మార్చుకునే పానాను తీర్చిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు. రోగం ఇచ్చినవాడే మందు ఇచ్చాడన్నమాట. నైలాన్ తీగతో గడ్డి కొట్టే పద్ధతి మాత్రం 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బాలస్‌కు తట్టింది, కార్లు కడిగే యంత్రంలో గిర్రున తిరిగే బ్రష్షులను చూసి. రాళ్లున్న చోట మనవాళ్లు బ్లేడు తీసి ఆ తీగ తల వేస్తారు. ఇరుసు అదే, ఎడమ మర అదే. పద్యం దానికీ వర్తిస్తుంది.

ఛందోరసాలంకారాలు

తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. మొదటి పాదంలో ‘ఆపి’, ‘టోపి’ ప్రాసయతి. మిగిలిన మూడింటా అక్షరయతి. ఊడదీయడానికి కుడికి తిప్పమనడం పైకి విరుద్ధంగా తోచి, మర సంగతి తెలిశాక పరిహారమవుతుంది కనుక విరోధాభాసాలంకారం. రసాలకు కొరత లేదు. బ్లేడు కింద కుళ్లిన గడ్డిని చూసినప్పుడు బీభత్సం, పైపు తొడిగేటప్పుడు వీరం, పానా జారి వేలి కణుపు లేచినప్పుడు కరుణం, కుడికి తిప్పగానే కిర్రుమని కదిలినప్పుడు అద్భుతం. చూడ్డానికి చేరినవారికి మొదటి నుంచీ హాస్యం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని పానా పట్టుకునే ముందు చదివినవారికి కణుపులు క్షేమం, గేరుపెట్టె క్షేమం. పైపు తొడిగాక చదివినవారికి జ్ఞానం. నట్టు మూలలు అరిగాక చదివినవారికి వైరాగ్యం. పొరుగువాడికి చదివి వినిపించి పానా అరువిచ్చినవారికి పుణ్యం దక్కుతుంది గాని, పానా తిరిగి వస్తుందని కవి ఎక్కడా అనలేదు.